నాలుగు వేల లోపు ఒక మంచి డిటెక్టర్

24 మే 2021, సోమవారం. ఉదయం 6:10

ఈ డైరీ జనవరిలో నూలు వ్యాపారి ఊరికే ఇచ్చింది. ఇన్నాళ్లూ నా భార్య రాజమ్మ దీన్ని మంచినీళ్ల కుండ మీద మూతగా వాడింది. ఈ రోజు నుంచి నాది. పేజీలు కాస్త ఉబ్బాయి కానీ పెన్ను నడుస్తోంది.

శుభారంభం! నేను మెటల్ డిటెక్టర్ కొనబోతున్నాను. భూమిలో ఉన్న లోహాన్ని పసిగట్టి కూత పెట్టే యంత్రం. ఎందుకో ఇక్కడే రాసుకుంటాను, బయట ఎవరికీ చెప్పుకునే సంగతి కాదు.

పోయిన ఏడాది మే నెల. లాక్‌డౌన్. మేం నడిపే సాంచాలు, అదే మరమగ్గాలు, అన్నీ బంద్. సూరత్ గోడాదరాలో మా గల్లీ వాళ్లమంతా కలిసి ఒక లారీ మాట్లాడుకుని సొంతూరు సిరిసిల్లకు బయలుదేరాం. దారిలో దొంగల భయం. రాజమ్మ దగ్గర వాళ్లమ్మ ఇచ్చిన బంగారు గుండ్ల పేరు, మెడలో వేసుకునే పూసల దండ, ఉంది. "శేఠ్ తిజోరీల వెట్టొస్త, ఇయ్యి" అన్నాను. స్టీలు డబ్బాకు గుడ్డ చుట్టి, ఏడు ముళ్లు వేసి ఇచ్చింది. "ఇప్పి సూడకు" అంది. చూడలేదు. తీరా వెళ్తే, ఇనప్పెట్టె ఉన్న మా కార్ఖానా శేఠ్ ఆఫీసుకు తాళం. ఇక్కడ లారీ హారన్ మీద హారన్. ఏం చేయను? మేముండే అద్దె గదుల, ఈ ఖోలీల, వెనక ఖాళీ ప్లాటులో గొయ్యి తీసి పాతిపెట్టాను. తిజోరీలో పెట్టానని రాజమ్మకు చెప్పాను.

అయినా నేను కొలత లేకుండా పాతిపెట్టే మనిషిని కాను. కరెంటు స్తంభం నుంచి పంపు గోడ వైపు సరిగ్గా ఒక దారం పొడవు. జేబులో ఉన్న సాంచా దారమే స్తంభానికి కట్టి, గుంజి పట్టి కొలిచాను. ఆ దారం ఇప్పటికీ అగ్గిపెట్టెలో ఉంది. దసరా తర్వాత తిరిగొచ్చి ఆ కొలత ప్రకారమే మూడుసార్లు తవ్వాను. దొరికినవి: సీసా మూత ఒకటి, సాంచా పిన్నులు పదిహేడు. డబ్బా లేదు!

జూన్ 24న రాజమ్మ చెల్లెలి బిడ్డ పెండ్లి. నిన్న అన్నం తింటూ, "పెండ్లికి అవ్వ గుండ్ల పేరు ఏసుకుంట" అంది. వాళ్ల అవ్వ, అంటే మా అత్త, పోయి పది నెలలైంది. ఆమె గుర్తుగా మిగిలింది అదొక్కటే. అది పోయిందని రాజమ్మ ముఖం చూసి చెప్పే ధైర్యం నాకు లేదు.

తీర్మానం:

1. ఐదు రకాలు చూడనిదే కొనను.
2. నాలుగు వేలు దాటను.
3. ఎవరికీ చెప్పను.
4. ప్రతి యంత్రాన్నీ పరీక్షించి పదికి మార్కులు వేస్తాను. ఎక్కువ వచ్చినదే నాది.

ఊరికి బస్సు జూన్ 22న. ఇరవై తొమ్మిది రోజులున్నాయి. బోలెడు!

25 మే, మంగళవారం. మధ్యాహ్నం 2:30

కరోనా వల్ల కార్ఖానాలో ఒక్క షిఫ్టే నడుస్తోంది. మధ్యాహ్నమే ఇంటికొచ్చి పడుకుని ఫోన్ పట్టుకున్నాను. "ఖజానా భాయ్" అనే ఒకాయన వీడియోలు పదకొండు చూశాను. ఆయన ఎక్కడ తవ్వినా నాణేలే. ఒక్కసారి కూడా సీసా మూత రాదు. అదృష్టం అంటే అదీ.

ఈ రోజు నేర్చుకున్నవి:

చేతికర్ర రకం. మాల్ గేటు దగ్గర గార్డు మన నడుము చుట్టూ తిప్పుతాడే, అది. చవక.
పిల్లల బొమ్మ రకం. ఎర్ర రంగు. సముద్రపు ఇసుకలో ఆడుకోవడానికట.
పళ్లెం రకం. కర్ర చివర పళ్లెం, చెవులకు హెడ్‌ఫోన్, మధ్యలో గుండీలు. ఖజానా భాయ్ దగ్గరున్నది ఇదే. చూస్తే నోరూరింది. ధర చూస్తే నోరెండింది.
ఇంట్లో చేసుకునే రకం. దీనికి ఖర్చే లేదు!!

మెడ పట్టేసింది. ఫోన్ ఎక్కువైంది.

27 మే, గురువారం. సాయంత్రం 5:00

ఇంట్లో చేసుకునే రకం తయారు చేశాను. రేడియోకు క్యాలిక్యులేటర్‌ను టేపుతో అంటించి, రెండూ ఆన్ చేసి, ఇనుము మీదికి తీసుకెళ్తే రేడియో గొంతు మారుతుందని వీడియోలో చూపించాడు.

గరిటె మీద పెట్టాను. రేడియోలో ఉల్లిగడ్డల ధర చెప్పారు. ఇత్తడి చెంబు మీద పెట్టాను. టమాటా ధర చెప్పారు. రాజమ్మ చీరలకు రాళ్లు అంటించే పని ఆపి చూసింది.

"ఏందయ్యా, క్యాలిక్యులేటర్‌కు వార్తలు వినవెడ్తున్నవా?"

"ఊకెనే. రేడియో ఖరాబైంది, సూస్తున్న."

"రేడియో మంచిగనే ఉంది. ఖరాబైంది వేరే."

మార్కులు: పదికి సున్నా. అయినా నిరాశ లేదు. నాలుగో రూలు ప్రకారం ఒక యంత్రాన్ని శాస్త్రీయంగా తీసేశాను. ఐదులో ఒకటి అయిపోయింది!

29 మే, శనివారం. మధ్యాహ్నం 1:15

మూడో రూలు విషయం. ఎవరికీ చెప్పను అని రాసుకున్నాను. ముత్యానికి చెప్పాను. కానీ ముత్యం "ఎవరికీ"లోకి రాడు. మా కార్ఖానాలో సాంచాలు బాగుచేసే మాస్టర్. ఇనుము గురించి ఆయనను అడగకపోతే ఎవరినడగాలి? పైగా సగమే చెప్పాను. సాంచాల కింద పడిన పిన్నులు వెతకడానికి యంత్రం కావాలన్నాను.

ముత్యం బీడీ ఆర్పి నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"కన్కన్నా, ఇరవై ఏండ్లల నువ్వు కింద వడ్డ పిన్ను ఒక్కటన్న ఏరినవా?"

"లేదు."

"మరి ఏం పోయింది, అది చెప్పు."

చెప్పేశాను. మొత్తం. తిజోరీ, లారీ, దారం, రాజమ్మ. గుండె తేలికైంది. ముత్యం నవ్వలేదు, అందుకే ఆయనంటే నాకు గౌరవం. తర్వాత పాయిఖానాలో నవ్వు వినిపించింది కానీ అది వేరే ఎవరిదో అయి ఉండొచ్చు.

ఆయనకు తెలిసిన గార్డు ఒకడున్నాడట. వాడి మాల్ మూతపడింది. చేతికర్ర అమ్ముతాడట.

31 మే, సోమవారం. సాయంత్రం 4:40

కొన్నాను!!!

పదకొండు వందలు. నల్లగా, బరువుగా, ఎంత అధికారంగా ఉందో! ఐదు రకాలు చూడనిదే కొననన్నాను కదా. చూశాను. వీడియోలో చూసినా చూసినట్టే.

ఇంట్లో పరీక్ష:

గరిటె: కుయ్.
రాజమ్మ కాలి మెట్టెలు: కుయ్. (రాజమ్మ చూపు: దానికి మార్కులు వేయలేను.)
తలుపు గొళ్లెం: కుయ్.
ఇడ్లీ పిండి: మౌనం. సరైన జవాబు.
నా దిండు: కుయ్ కుయ్ కుయ్ కుయ్!

దిండు దగ్గర ఆగకుండా మొత్తుకుంది. రాజమ్మ గబగబా వచ్చి దిండు లాక్కుంది.

"దిండుకు జెరం గిట్ల అచ్చిందా, చెకింగ్ చేస్తున్నవ్?"

నాకు కారణం తెలుసు కాబట్టి కంగారు పడలేదు. సాంచాపై ఒక్కో పడుగు పోగుకు ఒక్కో సన్నటి ఇనుప పిన్ను వేలాడుతుంది. పోగు తెగిందంటే పిన్ను కింద పడుతుంది, సాంచా ఆగిపోతుంది. ఆ పిన్నులు తుక్కు నూలులో కలిసిపోతాయి. ఆ తుక్కు నూలే మా దిండ్లలో ఉంటుంది. సూరత్‌లో పిన్ను లేని దిండు మీద శేఠ్‌లు మాత్రమే పడుకుంటారు. ఒక్క పిన్నుకు ఇంత గోల చేసే యంత్రాన్ని ఏం నమ్మను? ఉత్త అబద్ధాలకోరు.

మార్కులు: పదికి నాలుగు. దిండు దగ్గరే ఆరు పోయాయి.

2 జూన్, బుధవారం. ఉదయం 8:00

ఘోరం జరిగింది.

పొద్దున ఆరింటికి మాస్కు, టోపీ, శేఠ్ ఇచ్చిన ఫేస్ షీల్డు పెట్టుకుని కర్రతో ప్లాటులోకి వెళ్లాను. ఎవరూ గుర్తుపట్టకూడదని ఆ వేషం. నిజంగానే ఎవరూ గుర్తుపట్టలేదు. అదే కొంప ముంచింది.

పక్క ఖోలీ వెంకటవ్వ నీళ్లకు వచ్చి నన్ను చూసి గల్లీ మొత్తం వినేలా అరిచింది. "మున్సిపాలిటీ సారు అచ్చిండు! కరోనా చెకింగట! జల్ది రాండ్రి!"

ఐదు నిమిషాల్లో లైను. పద్నాలుగు మంది. చేతులు పైకెత్తి నిలబడ్డారు. నేనేమని చెప్పను? గొంతు విప్పితే దొరికిపోతాను. ఒక్కొక్కరికీ కర్ర తిప్పి, తల ఊపి పంపించాను. వెంకటవ్వకు ముక్కుపుడక దగ్గర కుయ్ మంది. చేత్తో పర్వాలేదన్నాను.

చివరికి మా ఇంటి ఓనరు ధీరూ కాకా వచ్చాడు. పోయినేడు స్కూటర్ మీద నుంచి పడితే ఆయన కుడికాలిలో స్టీలు రాడ్డు వేశారు. నేను మర్చిపోయాను. కర్ర మర్చిపోలేదు.

కాలి దగ్గర కుయ్ కుయ్ కుయ్! లైను ఒక్క ఉదుటున పది అడుగులు వెనక్కి జరిగింది.

"మేరే పైర్ మే కరోనా?" అన్నాడు కాకా, కాలు పట్టుకుని, ముఖం తెల్లబోయి.

షీల్డు తీసేశాను. కాకా నన్ను గుర్తుపట్టాడు. కాకా నోట ఇన్ని గుజరాతీ తిట్లు ఉన్నాయని నాకిన్నాళ్లూ తెలియదు. సాంచాల పిన్నులు వెతుకుతున్నానని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. వెంకటవ్వ మాత్రం తనకు కరోనా లేదని కాగితం రాసివ్వమని ఇంకా అడుగుతూనే ఉంది.

4 జూన్, శుక్రవారం. సాయంత్రం 6:00

ప్లాటులో కర్ర పని తీరు: మూడు వేళ్ల లోతు వరకే వినిపిస్తుంది. నేను పాతింది మోచేయి లోతు. రెండు రోజుల్లో దొరికినవి: పిన్నులు 212, సైకిల్ చువ్వ, ఎవరిదో తాళం. గోతులు: ఆరు.

తిడతాడనుకున్న కాకా వచ్చి గోతులు చూసి సంతోషించాడు. ఒక్కో దాంట్లో ఒక్కో బొప్పాయి మొక్క నాటుతాడట. "ఔర్ ఖోదో కనకభాయ్" అన్నాడు. ఇంకా తవ్వాలట!

రాజమ్మ ఇంతవరకూ డబ్బా తెమ్మని అడగలేదు. నాకు అదే భయం. అడిగితే ఏదో ఒకటి చెప్పొచ్చు. అడగకుండా కొత్త జాకెట్టు కుట్టుకుంటోంది. గుండ్ల పేరు కనబడాలని మెడ కాస్త కిందికి కత్తిరించింది. ఆ కత్తెర చప్పుడు వింటూ కూర్చోలేక బయటికి వచ్చేశాను.

7 జూన్, సోమవారం. మధ్యాహ్నం 3:20

రెండో రూలును సరిగ్గా అర్థం చేసుకోవాలి. నాలుగు వేలు దాటను అన్నాను. ఏది నాలుగు వేలు దాటకూడదు? యంత్రం. పళ్లెం, బ్యాటరీ, హెడ్‌ఫోన్, కర్ర, ఇవన్నీ యంత్రమా? కాదు, సామాను. ఆ లెక్కన చూస్తే ఆరున్నర వేల పళ్లెం రకంలో అసలు యంత్రం మూడు వేలే ఉంటుంది. వెయ్యి మిగిలినట్టే కదా!

ఫోన్లో ఆర్డర్ పెట్టేశాను. గొడుగు, చెప్పులు ఈ ఏడు మానేశాను. పెట్టె ఇంటికొస్తే రాజమ్మ చూస్తుందని ఖటోదరాలో ఉన్న ముత్యం ఖోలీ అడ్రసు ఇచ్చాను. ఎనిమిది రోజులు పడుతుందట.

పరీక్షించలేదు, మార్కులు వేయలేదు. ఖజానా భాయ్ వేశాడుగా, పదికి తొమ్మిదిన్నర. నా మార్కులకంటే ఆయన మార్కులు పెద్దవి.

12 జూన్, శనివారం. ఉదయం 7:00

రాలేదు.

13 జూన్, ఆదివారం

రాలేదు. మెడ నొప్పి. రాజమ్మ నువ్వుల నూనె రాసింది. "ఫోన్ల ఏం సూస్తవయ్యా గంతగనం?" అంది. నూనె రాసే చేయి అంత మెత్తగా ఉంటే అబద్ధం చెప్పడం ఎంత కష్టమో! "మగ్గాల వీడియోలు" అన్నాను.

16 జూన్, బుధవారం. సాయంత్రం 5:30

వచ్చింది! నిన్ననే వచ్చింది, ఈ రోజు తెచ్చుకున్నాను. ఎంత అందంగా ఉందో! పళ్లెం నా ముఖమంత ఉంది.

పెట్టె దాచిపెట్టినందుకు ముత్యం కిరాయి అడిగాడు. ఆయనకు సూరత్ అవతల జోల్వాలో కొత్త కార్ఖానాలో పని దొరికింది. రేపే వెళ్తున్నాడు, అక్కడే పడక. "తల కిందికి ఏమన్న ఉంటె ఇయ్యన్నా" అన్నాడు. నా దిండు ఇచ్చేశాను. ఎటూ మెడ నొప్పి, పైగా లోపల పిన్ను. దాంతోపాటు చేతికర్ర కూడా ఇచ్చాను. "రెండు గూడ నువ్వే వెట్టుకో ముత్యం. ఈ కర్రకు ఈ దిండంటె పానం" అన్నాను. ఇద్దరం బాగా నవ్వుకున్నాం.

మిగిలిన దిండు గలీబులో పాత దుప్పటి కుక్కి దిండులా పెట్టాను. రాజమ్మ కనిపెట్టలేదు.

17 జూన్, గురువారం. ఉదయం 9:45

పళ్లెం రకంలో ఒక గుండీ ఉంది. ఇనుము వద్దంటే ఇనుమును పట్టించుకోదు, బంగారానికే మోగుతుంది. ఆ గుండీ నొక్కి ప్లాటంతా తిరిగాను. మౌనం. బొప్పాయి మొక్కల మధ్య గంటసేపు మౌనం.

అప్పుడు తట్టింది. నా బంగారం ఉన్నదే స్టీలు డబ్బాలో! ఇనుము వద్దంటే డబ్బా వినపడదు.

సరే, ఇనుము కావాలన్నాను. గోడాదరా మొత్తం మోగింది. ముప్పై ఏళ్లుగా సాంచాల తుక్కు పోసిన నేల అది. అడుగు ఎత్తితే కుయ్, దించితే కుయ్. చెవుల్లో ఒక బారాత్ ఊరేగినట్టుంది.

కాబట్టి ఆరున్నర వేలు పెట్టి నేను తెలుసుకున్నదేమిటంటే, గోడాదరాలో ఇనుముంది.

ఖజానా భాయ్ ఒక్కసారి ఇక్కడికొచ్చి తవ్వాలి. ఆయన ముఖం చూడాలి నేను.

అదే రోజు. 11:30

వాన.

18 జూన్, శుక్రవారం. ఉదయం 6:30

మానేశాను. డిటెక్టర్ వద్దు, రూల్సు వద్దు, ఈ డైరీ మళ్లీ కుండ మీదికే. బస్సుకు నాలుగు రోజులున్నాయి. ఈ రోజు షిఫ్టు అయ్యాక రాజమ్మకు నిజం చెప్పేస్తాను. ఆమె ఏమన్నా పడతాను. తిట్టినా సరే. ఏడ్వకుండా ఉంటే చాలు.

అదే రోజు. సాయంత్రం 6:50. అక్షరాలు వంకరపోతున్నాయి

పదిన్నరకు నా నాలుగో సాంచాపై పోగు తెగింది. పిన్ను పడింది, సాంచా ఆగింది. రెండు కొసలు పట్టుకుని ముడి వేయబోయాను. పొట్టిగా ఉంది. లాగాను. సాగింది. ముడి వేశాను.

ముడి వేసి అక్కడే నిలబడిపోయాను.

సాగింది!

ఇరవై ఏళ్లుగా ఈ సాగే పాలిస్టర్ దారంతోనే బట్ట నేస్తున్నాను. లాగితే ఎంత సాగుతుందో, వదిలితే ఎంత ముడుచుకుంటుందో నా వేళ్లకు తెలుసు. ఆ దారంతోనే కొలత పెట్టాను. ఆ రోజు స్తంభానికి కట్టి గుంజి పట్టాను. తిరిగొచ్చాక నేల మీద మెల్లగా పరిచి కొలిచాను. టైలరు చేయడు, తాపీమేస్త్రీ చేయడు ఈ తప్పు. నేతగాడినై నేను చేశాను!

షిఫ్టు కాగానే పరుగు. దారం స్తంభానికి కట్టి గుంజాను. పాత చోటికి నాలుగు అడుగుల అవతల, బొప్పాయి మొక్కలన్నీ దాటి వచ్చింది. యంత్రం ఊసే లేదు, ఉత్త గడ్డపారే. పది నిమిషాలు. ఠంగ్!

డబ్బా. గుడ్డ మాసింది కానీ ఏడు ముళ్లూ అలాగే ఉన్నాయి. బురదలో కూర్చుని ముద్దు పెట్టుకున్నాను. కాకా చూశాడు. చూడనీ.

అలాగే ఇంట్లోకి వెళ్లి రాజమ్మ ముందు పెట్టాను. "పెండ్లికి నీ గుండ్ల పేరు!" అన్నాను. ఆమె డబ్బాను చూసింది, నా కాళ్ల బురదను చూసింది.

"శేఠ్ తిజోరీల గింత బురద ఉంటదా?"

మొత్తం చెప్పేశాను. తలెత్తకుండా చెప్పాను. ఆమె ఒక్కో ముడీ విప్పింది, మూత తీసింది.

లోపల సాంచా పిన్నులు. డబ్బా నిండా. మెరుస్తూ.

ఎవరో మార్చేశారనుకున్నాను. రాజమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది! గోడకు ఆనుకుని, జారి కింద కూర్చుని, కళ్ల వెంట నీళ్లు కారేదాకా నవ్వింది.

"పిన్నులు నేనే వెట్టిన్నయ్యా! ఆ శేఠ్ తిజోరీ మీద నాకు నమ్మకం లేకుండె. వద్దంటె నువ్వినవు. గందుకే బరువుకు పిన్నులు వోసి నీ చేతికిచ్చిన."

"మరి గుండ్ల పేరు?"

"మనతోనే లారీల ఊరికి వోయింది, మనతోనే మల్ల అచ్చింది. ఏడాది సంది నీ తల కిందనే ఉంది. నీ దిండుల కుట్టిన!"

నవ్వుతూనే మంచం వైపు చేయి చూపించింది. లేచి దిండు పట్టుకుంది. దిండు మెత్తగా మడత పడింది. గలీబులోంచి పాత దుప్పటి బయటకొచ్చింది.

రాజమ్మ నవ్వు ఆగిపోయింది.

19 జూన్, శనివారం. మధ్యాహ్నం 12:40. జోల్వా, కార్ఖానా మెట్ల మీద

మొదటి షేర్ ఆటోకే బయలుదేరాం. దారంతా రాజమ్మ చూపు రోడ్డు మీదే. నేను ఒక్కసారి "అన్నట్టు, చేతికర్ర మంచి యంత్రమే" అన్నాను. ఆమె చూసిన చూపుకు మిగతా దారంతా కరెంటు స్తంభాలు లెక్కపెట్టాను. పదికి నాలుగు వేసిన నా చేతిని నరుక్కోవాలి. ఆ కర్ర ఒక్కటే నిజం చెప్పింది. దాన్నే అబద్ధాలకోరు అన్నాను.

ముత్యం సాంచా కింద నుంచి నూనె చేతులతో వచ్చాడు.

"దిండా? గా దిండు తోని నా మెడ వట్టుకపోయిందన్నా. గా కుప్పల ఏసి, వేరేది తీసుకున్న."

కుప్ప అంటే కార్ఖానా మొత్తం కూలీల దిండ్లు. ఇరవై ఆరు. అన్నీ ఒకటే తుక్కు చీర గుడ్డ, ఒకటే తుక్కు నూలు. నేను వెంటనే కర్ర అడిగాను. ఇన్ని రోజుల చదువు పనికొచ్చే సమయం! మొదటి దిండు: కుయ్. గుండె ఎగిరింది. రెండోది: కుయ్. మూడోది: కుయ్. ఇరవై ఆరూ మోగాయి. పిన్ను లేని దిండు ఒక్కటీ లేదు.

కర్ర పట్టుకుని నేల మీద కూలబడ్డాను.

"ఆ కర్ర పక్కకు వెట్టు" అంది రాజమ్మ. మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో దిండు కుట్టు మీద బొటనవేలు నడిపించింది, చీర అంచు చూసినట్టు. పదకొండో దిండు దగ్గర వేలు ఆగింది.

"ఇది నా ముడి."

పళ్లతో కొరికి తెంపింది. తుక్కు నూలు మధ్యలోంచి, చిన్న గుడ్డ మూటలోంచి, పసుపురంగు గుండ్లు ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. రాజమ్మ వాటిని చెంపకు ఆనించుకుని "అవ్వా" అంది. అంతే అంది. సాంచాల చప్పుడులో కూడా నాకు వినిపించింది. నేను ఏడ్చాను. ముత్యం కంట్లో నూనె పడిందన్నాడు.

"తప్పయింది రాజమ్మా. నీకు అబద్ధం చెప్పిన."

"నేను చెప్పలేదా? పిన్నులు వోసి బంగారమని ఇచ్చిన." గుండ్లు కొంగున కట్టుకుంటూ అంది. "ఇగ మీదికెల్లి నువ్వు ఏమన్న పాతిపెడ్తె నాకు చెప్పి పాతిపెట్టు."

"మరి నువ్వు?"

ఇంటికి పద అంది.

28 జూన్, సోమవారం. ఉదయం 6:05

పెండ్లి బాగా జరిగింది. నిన్ననే తిరిగొచ్చాం. గుండ్ల పేరు వేసుకుని రాజమ్మ పందిట్లో తిరుగుతుంటే ముగ్గురు ముసలవ్వలు "అచ్చం మీ అవ్వ లెక్కనే ఉన్నవు" అన్నారు. ఆమె నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో ఇరవై గోతులు తవ్వమన్నా తవ్వుతాను. తవ్వితే కాకాకు కూడా ఆనందమే. బొప్పాయి మొక్కలు వానకు చిగురు వేశాయి.

పొద్దున లేచేసరికి గుండ్ల పేరు మళ్లీ ఎక్కడో దాచేసింది.

"ఏడ వెట్టినవ్?"

"చెప్ప."

"దిండుల్నా?"

"ఒక్కపాలి బయటవడ్డ తావుల మల్ల ఎవలన్న వెడ్తరా? నాకు గంత తెల్వదా?"

నిజమే. రాజమ్మ అంత తెలివితక్కువది కాదు. దిండు సంగతి కొట్టేశాను.

కానీ ఒక్క మాట. రేపు మళ్లీ లాక్‌డౌన్ పెట్టారనుకో. మళ్లీ లారీ హారన్ కొట్టిందనుకో. ఎక్కడుందో ఇంట్లో ఒక్కరికే తెలిస్తే ఎలా? నేను కూడా తెలుసుకుని ఉండాలి. ఇది బాధ్యత. పళ్లెం రకం ఇంట్లో తిప్పడానికి పనికిరాదు, పెద్దది. ఖజానా భాయ్ నిన్న కొత్త రకం చూపించాడు. వేలంత ఉంటుందట. గోడల్లో, పెట్టెల్లో, పప్పు డబ్బాల్లో వెతకడానికట! అచ్చం నా కోసమే చేసినట్టుంది.

తీర్మానం (ఈసారి గట్టిగా):

1. ఐదు రకాలు చూడనిదే కొనను.
2. నాలుగు వేలు దాటను. సామానుతో కలిపి.
3. ఎవరికీ చెప్పను. ముత్యం కూడా "ఎవరికీ"లోకి వస్తాడు.
4. నిజం చెప్పే యంత్రాన్ని అబద్ధాలకోరు అనను.

రాజమ్మ నాకు కొత్త దిండు కుట్టింది, పాపం. అంత అలసటలో కూడా బస్సు దిగగానే కూర్చుని కుట్టింది.

మెడ మళ్లీ పట్టేసింది. ఫోన్ తగ్గించాలి.